కార్బన్ డయాక్సైడ్ నుంచి కరెంటుతో ఇంధనం: ఏ ఉత్పత్తి, ఏ సెల్, ఏ దారి ఎంచుకోవాలి?

ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును కార్బన్ మోనాక్సైడ్‌గా మార్చడానికి 2 ఎలక్ట్రాన్లు చాలు. ఫార్మేటుకూ అంతే. మిథనాల్‌కి 6, మీథేన్‌కి 8 కావాలి. ఎథిలీన్‌కైనా ఎథనాల్‌కైనా రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులతో పాటు 12 ఎలక్ట్రాన్లు పోయాలి. కాటలిస్టు (చర్యను వేగవంతం చేసే పదార్థం) గురించి ఆలోచించే ముందు ఈ అంకెలు చూసుకోవాలి, ఎందుకంటే కరెంటు బిల్లు వీటిని బట్టే వస్తుంది.

లెక్క చాలా సులువు. 26.8ని (ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశం, ఆంపియర్-గంటల్లో) ఎలక్ట్రాన్ల సంఖ్యతోనూ, సెల్ (కరెంటుతో రసాయన చర్య జరిపే పరికరం) వోల్టేజీతోనూ గుణించి, వచ్చినదాన్ని ఉత్పత్తి అణుభారంతోనూ, ఫెరడే సామర్థ్యంతోనూ భాగిస్తే కిలోకు ఎన్ని యూనిట్లో తెలుస్తుంది. ఫెరడే సామర్థ్యం అంటే మనం పంపిన కరెంటులో కావలసిన ఉత్పత్తికి చేరిన వంతు. ఇప్పటి మంచి సెల్స్‌లో కనిపించే విలువలు వేసి చూద్దాం.

కార్బన్ మోనాక్సైడ్, 3 వోల్టులు, 95 శాతం: కిలోకు 6 యూనిట్లు. ఆ కిలోలో దాగిన శక్తి 2.8 యూనిట్లు.
ఫార్మిక్ ఆమ్లం, 3.5 వోల్టులు, 90 శాతం: 4.5 యూనిట్లు పెడితే 1.3 దక్కుతాయి.
మీథేన్, 3.5 వోల్టులు, 60 శాతం: 78 పెడితే 13.9.
ఎథిలీన్, అదే వోల్టేజీ, 60 శాతం: 67 పెడితే 13.1.
ఎథనాల్, అదే వోల్టేజీ, 30 శాతం: 81 పెడితే 7.4.
నీటి నుంచి హైడ్రోజన్ తీసి, దాన్ని వేడి రియాక్టర్లో కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి చేసే మిథనాల్: 10 నుంచి 11 పెడితే 5.5.

రాగి సెల్‌లో ఎథిలీన్, ఎథనాల్ కలిసే పుడతాయి కాబట్టి ఎథనాల్‌కి అందని 70 శాతం కరెంటంతా వృథా అనుకోవద్దు. అయినా తేడా కళ్లకు కడుతోంది. పెట్టిన శక్తిలో సగం దాకా తిరిగి ఇచ్చేవి రెండే: కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ మీదుగా మిథనాల్. లక్ష్యం నిజంగా ఇంధనమే అయితే ఈ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోండి. కష్టమైన కార్బన్-కార్బన్ బంధాల పనిని వేడి రియాక్టర్లకు వదిలేయండి. ఒకే సెల్‌లో గాలి నుంచి ఎథనాల్ దాకా వెళ్లిపోవాలన్న కోరిక పరిశోధనకు మంచిదే, ప్లాంటుకు మాత్రం ఇంకా తొందరే.

ఇంకో లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. కిలో కార్బన్ మోనాక్సైడ్‌కి 6 యూనిట్లంటే 4.2 కిలోలు చిమ్నీలోంచి పోయినట్టు. ఆ కిలో చేయడానికి మనం వాడుకున్న కార్బన్ డయాక్సైడ్ 1.57 కిలోలే. గ్రిడ్ కరెంటుతో నడిపితే ఇది కాలుష్యాన్ని పెంచే యంత్రం అవుతుంది. సౌర, పవన, జల విద్యుత్తు నేరుగా చేతిలో ఉన్నప్పుడే దీన్ని స్వచ్ఛ ఇంధనం అనాలి.

కార్బన్ ఎక్కడ జారిపోతుంది

చల్లని సెల్స్ (గది వేడికి దగ్గరగా నడిచేవి) అన్నింటికీ ఉన్న పెద్ద జబ్బు కార్బొనేటు. కాథోడ్ (కార్బన్ డయాక్సైడ్ మారే ఎలక్ట్రోడ్) దగ్గర ప్రతి ఎలక్ట్రాన్‌తో పాటు ఒక హైడ్రాక్సైడ్ అయాన్ పుడుతుంది. రెండు హైడ్రాక్సైడ్‌లు కలిసి ఒక కార్బన్ డయాక్సైడ్‌ను కార్బొనేటుగా మార్చేస్తాయి. ఆ కార్బొనేటు మెంబ్రేన్ (రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పొర) దాటి, ఆక్సిజన్ పుట్టే ఆనోడ్ వైపు వెళ్లి, అక్కడ మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోయి, ఆక్సిజన్‌తో కలిసి బయటికి పోతుంది. కార్బన్ మోనాక్సైడ్ చేస్తుంటే లోపలికి పోయిన ప్రతి రెండు అణువుల్లో ఒకటే ఉత్పత్తి అవుతుంది, అంటే గరిష్ఠంగా 50 శాతం. ఎథిలీన్‌కి 12 హైడ్రాక్సైడ్‌లు పుట్టి 6 అణువులను మింగేస్తాయి. 8 పోస్తే 2 మాత్రమే ఎథిలీన్‌లోకి చేరతాయి, అంటే 25 శాతం. కాటలిస్టు ఎంత గొప్పదైనా ఈ హద్దు మారదు.

తప్పించుకునే దారులు మూడున్నాయి. మొదటిది ఆమ్ల ద్రావణం: 2021లో టొరంటో విశ్వవిద్యాలయ బృందం బలమైన ఆమ్లంలోనే, పొటాషియం అయాన్ల సాంద్రత బాగా పెంచి, రాగి మీద పని జరిపించి చూపింది. పొటాషియం లేకపోతే ఆమ్లంలో వచ్చేది దాదాపు హైడ్రోజనే. రెండోది బైపోలార్ మెంబ్రేన్, అంటే రెండు రకాల అయాన్ పొరలు అతికినది. కార్బొనేటును కాథోడ్ వైపే తిరిగి విడగొడుతుంది కానీ వోల్టేజీ గణనీయంగా పెరుగుతుంది. మూడోది రెండంచెల పద్ధతి: మొదటి సెల్‌లో కార్బన్ మోనాక్సైడ్ చేసి, రెండో క్షార సెల్‌లో దాన్ని ఎథిలీన్‌గానో ఎసిటేట్‌గానో మార్చడం. ఈ సెల్స్ నడిచే వేడిలో కార్బన్ మోనాక్సైడ్ క్షారంతో కార్బొనేటు కట్టదు కనుక రెండో అంచెలో ఆ నష్టం ఉండదు. రాగి మీద పని చేసేవాళ్లకు మూడోదే ఎక్కువ ఆశాజనకంగా కనిపిస్తోంది.

వెండితో కార్బన్ మోనాక్సైడ్: మొదటిసారి కట్టేవాళ్లకు ఇదే

కొత్తగా ల్యాబ్ పెట్టుకునే బృందానికి, ఎంటెక్ ప్రాజెక్టుకి, పైలట్ ప్లాంటు వైపు చూసే కంపెనీకి మా మొదటి ఎంపిక వెండి కాథోడ్‌తో మెంబ్రేన్ సెల్. ఉత్పత్తి ఒక్కటే, అదీ వాయువే. వెంట వచ్చే కొద్దిపాటి హైడ్రోజన్ కూడా నష్టం కాదు. తర్వాత ఫిషర్-ట్రోప్ష్ పద్ధతిలో (కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌లను ద్రవ ఇంధనంగా మార్చేది) విమాన ఇంధనం చేయాలంటే కార్బన్ మోనాక్సైడ్‌కి రెట్టింపు హైడ్రోజన్ ఎలాగూ కలపాలి. అమెరికాలో ట్వెల్వ్ అనే కంపెనీ విమాన ఇంధనానికి ఈ దారిలోనే వెళ్తోంది. మన్నిక విషయంలో కూడా దీనికే ఆధారం గట్టిది: డయాక్సైడ్ మెటీరియల్స్ సంస్థ తన సస్టేనియన్ మెంబ్రేన్‌తో చదరపు సెంటీమీటరుకు 200 మిల్లీ ఆంపియర్ల దగ్గర, 3 వోల్టులతో, 3,800 గంటలకు పైగా సెల్ నడిపింది.

5 చదరపు సెంటీమీటర్ల సెల్‌కి కావలసినవి: 100 నానోమీటర్ల లోపు వెండి పొడి, వాయువును లోపలికి పోనిచ్చే సిగ్రాసెట్ 39 బీసీ కార్బన్ పేపరు, సస్టేనియన్ మెంబ్రేన్, ఇరిడియం ఆక్సైడ్ పూసిన టైటానియం ఫెల్ట్, టెఫ్లాన్ గాస్కెట్లు, 10 మిల్లీమోలార్ పొటాషియం బైకార్బొనేట్.

చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 10 మిల్లీగ్రాముల వెండి సరిపోతుంది. ఎయిర్‌బ్రష్‌లో సగం గాల్లో పోతుంది కాబట్టి 20 మిల్లీగ్రాములు తూచుకోండి. ఐసోప్రొపనాల్, నీళ్లు కలిపిన 2 మిల్లీలీటర్లలో వేసి, ఘనపదార్థంలో 5 నుంచి 10 శాతం అయానోమర్ (అయాన్లను పోనిచ్చే పాలిమర్) చేర్చి, ఐస్ నీళ్లలో ఉంచి 30 నిమిషాలు సోనికేట్ చేయండి (ధ్వని తరంగాలతో కలపండి). పేపరును 70 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద పెట్టి పల్చటి పూతలుగా కొట్టండి. నాలుగైదు పూతలకోసారి తూచండి. ఒక్కసారే తడిసేలా కొడితే ఇంకు పేపరు లోపలికి ఇంకిపోయి, తర్వాత నీళ్లు అదే దారి పట్టుకుంటాయి. మెంబ్రేన్‌ను 1 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కనీసం ఒక రోజు నానబెట్టి, కడిగి, ఆరిపోకముందే బిగించాలి. ఆరితే చిట్లుతుంది. 325 మైక్రాన్ల పేపరుకు 250 మైక్రాన్ల గాస్కెట్ వేస్తే సుమారు 23 శాతం నొక్కుడు వస్తుంది. అంతకంటే గట్టిగా నొక్కితే పేపరు రంధ్రాలు మూసుకుంటాయి, వదులైతే కరెంటు అందదు.

ఆనోడ్‌కి ఖర్చు తగ్గుతుందని నికెల్ ఫోమ్ పెట్టాలనిపిస్తుంది. గట్టి క్షారంలో అది బాగానే ఉంటుంది. కానీ దాటి వచ్చే కార్బొనేటు ఆ క్షారాన్ని మెల్లగా బైకార్బొనేటుగా మారుస్తుంది. పీహెచ్ పడిపోయాక నికెల్ కరిగి వోల్టేజీ ఎక్కుతుంది. ప్లాటినం ఆనోడ్ అసలు వద్దు. కరిగిన ప్లాటినం లేశమాత్రం కాథోడ్‌కి చేరినా అక్కడ హైడ్రోజన్ మొదలవుతుంది.

చదరపు సెంటీమీటరుకు 200 మిల్లీ ఆంపియర్ల చొప్పున ఈ సెల్‌లో పారే కరెంటు 1 ఆంపియర్. దానితో నిమిషానికి 7.6 మిల్లీలీటర్ల కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, మరో 7.6 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్ కార్బొనేటుగా పోతుంది. కనీసం 15.2 మిల్లీలీటర్లు కావాలి, 30 నుంచి 50 పంపండి. వాయువును నీళ్లున్న బుడగల సీసాలోంచి తేమపట్టించి పంపాలి. బుడగల సీసా వెచ్చగా ఉండి, అక్కడి నుంచి సెల్‌కి వెళ్లే గొట్టం చల్లగా ఉంటే నీటి ఆవిరి మధ్యలోనే చల్లబడి బొట్లుగా మారి కాథోడ్‌లో పడుతుంది. ఏసీ గదుల్లో ఇది తరచుగా జరుగుతుంది. గొట్టానికి వేడి టేపు చుట్టండి. కరెంటును 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర మొదలుపెట్టి మెట్లుమెట్లుగా పెంచండి.

సెల్ పాడవుతుంటే సూచనలను కలిపి చదవాలి. హైడ్రోజన్ పెరుగుతూ, లోపలికి వెళ్లే వాయువు పీడనం కూడా పెరిగితే పొటాషియం బైకార్బొనేట్ స్ఫటికాలు కాలువలను మూసేస్తున్నట్టు. పీడనం మామూలుగానే ఉండి కాథోడ్ నుంచి నీళ్లు కారుతుంటే పేపరు మునిగిపోయింది. ఈ రెండూ లేకుండా మొదటి గంట నుంచే హైడ్రోజన్ మెల్లగా ఎక్కుతుంటే ద్రావణంలో ఇనుము, జింకు వంటి లోహాల జాడ ఉంది. లోహ అయాన్లను పట్టేసే చీలెక్స్ రెసిన్‌తో శుద్ధి చేయాలి. ఉత్పత్తి నిష్పత్తి చెక్కుచెదరకుండా వోల్టేజీ ఒక్కటే ఎక్కితే మెంబ్రేన్ ఎండుతోంది లేదా ఆనోడ్ అరుగుతోంది. స్ఫటికాలకు మందు: ఆనోడ్ ద్రావణాన్ని పలుచన చేయడం, కొన్ని గంటలకోసారి వాయువు గొట్టంలోంచి 1 నుంచి 5 మిల్లీలీటర్ల శుద్ధమైన నీరు పంపడం, లేదా ఎక్కువ కరిగే సీసియం లవణానికి మారడం. ఆనోడ్ వాయువునూ ఒకసారి కొలవండి. కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ 2కి 1 నిష్పత్తిలో ఉంటే మెంబ్రేన్‌ను దాటుతున్నది కార్బొనేటే. 4కి 1 అయితే బైకార్బొనేటు.

ఫార్మేటు

బిస్మత్, తగరం మీద 90 శాతం దాటి వస్తుంది, వోల్టేజీ కూడా భరించదగినదే. కానీ సెల్ నుంచి బయటికి వచ్చేది పొటాషియం ఫార్మేటు కలిసిన బైకార్బొనేట్ నీళ్లు. దాన్ని ఫార్మిక్ ఆమ్లం చేయాలంటే ఆమ్లం పోయాలి లేదా మధ్యలో ఘన విద్యుద్వాహక పొర ఉన్న మూడు గదుల సెల్ కట్టాలి. స్వేదనం చేద్దామంటే 77.5 శాతం దగ్గర నీటితో కలిసే మరుగుతుంది. ఇంధనంగా బలహీనం: బరువులో హైడ్రోజన్ 4.4 శాతమే. తోలు, రబ్బరు పాలు గడ్డకట్టించే పరిశ్రమలకు అమ్ముకునే రసాయనంగా చూస్తే మాత్రం మంచి ఎంపిక.

రాగి: పరిశోధనకు

1980ల మధ్యలో యోషియో హోరి రాగి మీద మీథేన్, ఎథిలీన్ రావడం చూపించినప్పటి నుంచి ఈ లోహం పట్టు వదలలేదు. ఒక్క రాగి మీదే 16 ఉత్పత్తులు గుర్తించారు. సమస్యా అదే. ఎథనాల్ నీళ్లలో పలుచగా పుడుతుంది. కొంత మెంబ్రేన్ దాటి ఆనోడ్ దగ్గర ఆక్సీకరణం చెంది మాయమవుతుంది. మిగిలినదాన్ని స్వేదనం చేయడానికి మళ్లీ వేడి కావాలి. ఎథిలీన్ బయటికి వచ్చేసరికి మిగిలిపోయిన కార్బన్ డయాక్సైడ్‌లో కొద్ది శాతంగా కలిసి ఉంటుంది. రాగి ఉపరితలం కూడా నడుస్తుండగానే మారిపోతుంది. రాగి స్ఫటికంలో అణువుల అమరికను బట్టి (100) అనే ముఖం ఎథిలీన్ వైపు, (111) ముఖం మీథేన్ వైపు మొగ్గుతాయి కాబట్టి ఉపరితలం మారితే ఉత్పత్తులూ మారతాయి. పీహెచ్‌డీకి ఇది సారవంతమైన నేల. మూడు నెలల ప్రాజెక్టుకు దీన్ని తీసుకోవద్దు.

వేడి సెల్

700 నుంచి 850 డిగ్రీల దగ్గర నడిచే ఘన ఆక్సైడ్ సెల్‌లో కార్బొనేటు బెడద లేదు. బయటి నుంచి వేడి ఇవ్వకుండా, సెల్ వేడెక్కకుండా నడిచే వోల్టేజీ 1.47. ఆ చోట సెల్ వరకు కిలో కార్బన్ మోనాక్సైడ్‌కి 2.8 యూనిట్లే. వాయువును వేడిచేయడం, శుద్ధి వంటివి అదనం. నాసా పంపిన పెర్సీవరెన్స్ రోవర్‌లోని మాక్సీ పరికరం 2021 నుంచి 2023 మధ్య అంగారక గ్రహపు గాలి నుంచి ఇదే పద్ధతిలో 122 గ్రాముల ఆక్సిజన్ తీసింది. డెన్మార్క్‌కి చెందిన టాప్సో ఇదే పద్ధతిని పరిశ్రమలకు కార్బన్ మోనాక్సైడ్ ఇచ్చే యంత్రంగా మలిచింది. లోపాలూ పెద్దవే. పగలు ఎండతో నడిపి రాత్రి ఆపేస్తే చల్లబడి వేడెక్కే ఒత్తిడికి పింగాణీ పొరలు పగులుతాయి. ఉత్త కార్బన్ డయాక్సైడ్ పంపితే కాథోడ్‌లోని నికెల్ ఆక్సైడ్‌గా మారుతుంది కనుక కొంత కార్బన్ మోనాక్సైడ్‌నో హైడ్రోజన్‌నో వెనక్కి తిప్పాలి. మార్పిడి మరీ ఎక్కువ చేస్తే మసి పేరుకుంటుంది. గంధకం లేశమైనా నికెల్‌కి విషమే. 24 గంటల కరెంటు, పక్కనే ఉక్కు లేదా రసాయన కర్మాగారం, నికరమైన శుద్ధి వ్యవస్థ ఉంటే తప్ప దీని జోలికి వెళ్లవద్దు.

హైడ్రోజన్ మీదుగా మిథనాల్

ఇందులో విద్యుద్రసాయన భాగం నీటిని చీల్చడమే. తర్వాత రాగి-జింక్ ఆక్సైడ్-అల్యూమినా కాటలిస్టు మీద 220 నుంచి 270 డిగ్రీల్లో, 50 నుంచి 80 బార్ పీడనంలో మిథనాల్ అవుతుంది. ఒక్క దఫాలో మారేది కొంతే కాబట్టి మిగిలినదాన్ని తిప్పి పంపే కంప్రెసర్ తప్పనిసరి. పక్కన పుట్టే నీరు కాటలిస్టును మెల్లగా దెబ్బతీస్తుంది. కిలో మిథనాల్‌కి 0.19 కిలోల హైడ్రోజన్, 1.37 కిలోల కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఐస్‌లాండ్‌లోని స్వార్త్సెంగిలో 2012లో మొదలైన ఇలాంటి ప్లాంటును తర్వాత ఏడాదికి 4,000 టన్నుల సామర్థ్యానికి పెంచారు. మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ విద్యుత్ కేంద్రంలో ఎన్టీపీసీ రోజుకు 10 టన్నుల ప్లాంటు కట్టింది. ఈ రోజు డబ్బు పెట్టి ఇంధనం అమ్మాలనుకునేవారికి మేము చూపే దారి ఇదే. ప్రతి భాగానికీ అమ్మేవాళ్లు, బాగుచేసేవాళ్లు ఉన్నారు.

మన చుట్టూ ఉన్న వాయువు

అన్నింటిలోకీ శుద్ధమైనది ఎథనాల్ డిస్టిలరీల పులియబెట్టే తొట్ల నుంచి వస్తుంది. లీటరు ఎథనాల్‌కి సుమారు 0.75 కిలోలు. ఎథనాల్ ఆవిరి, గంధకపు జాడ కడిగేస్తే చాలు. రోజుకు లక్ష లీటర్ల డిస్టిలరీ అంటే 75 టన్నులు. దాన్నంతా మిథనాల్ చేస్తే రోజుకు దాదాపు 55 టన్నులు వస్తుంది. అందుకు 10 టన్నులకు పైగా హైడ్రోజన్, అంటే దాదాపు 5.4 లక్షల యూనిట్లు కావాలి. పగలూ రాత్రీ నడిపితే 22.5 మెగావాట్లు. సౌర విద్యుత్తు మీదే ఆధారపడి రోజుకు ఐదున్నర గంటల పూర్తి ఎండ లెక్కన చూస్తే 98 మెగావాట్ల ప్లాంటు. ఈ లెక్క వేసుకోకుండా ఎవరూ ఒప్పందం మీద సంతకం పెట్టకూడదు.

సింహాద్రి, రామగుండం లాంటి బొగ్గు కేంద్రాల పొగలో కార్బన్ డయాక్సైడ్ 12 నుంచి 14 శాతమే. నంద్యాల, కడప, పల్నాడు, సూర్యాపేట జిల్లాల సిమెంటు ఫ్యాక్టరీల పొగలో సున్నపురాయి నుంచి వచ్చేది కూడా కలుస్తుంది కాబట్టి వంతు మెరుగు. పొగను మాత్రం నేరుగా చల్లని సెల్‌లోకి పంపకండి. అందులోని ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ కంటే ముందే కరెంటును లాగేసుకుంటుంది. సల్ఫర్ డయాక్సైడ్ రాగిని ఎథిలీన్ నుంచి ఫార్మేటు వైపు తిప్పేస్తుంది. ముందు అమీన్ ద్రావణంతో పట్టి, శుద్ధి చేసి, అప్పుడే పంపాలి.

కొలిచేటప్పుడు

హెచ్-సెల్‌ను (వాయువును ద్రావణంలో కరిగించి నడిపే రెండు గదుల గాజు సెల్) కాటలిస్టులను వడపోయడానికే వాడండి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో కరిగే కార్బన్ డయాక్సైడ్ 33 మిల్లీమోల్స్, కాబట్టి చదరపు సెంటీమీటరుకు కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు దాటదు. ఎండాకాలంలో గది 40 డిగ్రీలకు చేరితే ఆ 33 కాస్తా 24కి పడుతుంది. వాటర్ బాత్ లేకుండా జనవరి ఫలితాన్ని మే ఫలితంతో పోల్చడం తప్పు. వోల్టేజీని పోల్చి కొలవడానికి వాడే వెండి-వెండి క్లోరైడ్ ఎలక్ట్రోడ్ మీద చదివిన విలువను హైడ్రోజన్ స్కేలుకు మార్చాలంటే, దానికి 0.197నూ, పీహెచ్‌ను 0.059తో గుణించినదాన్నీ కలపండి. పీహెచ్ 6.8 దగ్గర మైనస్ 1.6 వోల్టు అంటే హైడ్రోజన్ స్కేలు మీద మైనస్ 1.0.

అందరినీ ముంచే పొరపాటు వాయు ప్రవాహం దగ్గర జరుగుతుంది. పైన చెప్పిన సెల్‌లోకి నిమిషానికి 50 మిల్లీలీటర్లు పంపితే కార్బొనేటు నష్టం పోను బయటికి వచ్చేది 42.4 మాత్రమే. 50తో లెక్కేస్తే ఫలితం 18 శాతం ఉబ్బుతుంది, 85 శాతం ఉన్న సెల్ 100 శాతంలా కనిపిస్తుంది. బయటికి వచ్చే చోట ఫ్లోమీటర్ పెట్టండి. ఉత్పత్తులన్నింటి ఫెరడే సామర్థ్యాల మొత్తం 95కి 105కి మధ్య లేకపోతే ఆ రోజు అంకెలు పక్కన పెట్టండి. ద్రవంలో ఏదైనా కొత్త ఉత్పత్తి కనిపిస్తే ముందు ఆర్గాన్ వాయువుతో అదే ప్రయోగం చేయండి. అప్పుడూ కనిపిస్తే అది బైండర్ నుంచో, కడగడానికి వాడిన ద్రావకం నుంచో వచ్చినదే. తర్వాత కార్బన్-13 ఐసోటోపు ఉన్న వాయువుతో సరిచూసుకోవాలి.

కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. నిమిషానికి 7.6 మిల్లీలీటర్లు ఎంతో చిన్నదనిపిస్తుంది. కానీ 60 ఘనపు మీటర్ల గదిలో, గాలి ఆడకుండా 4 గంటలు వదిలితే 30 పీపీఎం అవుతుంది. ఎనిమిది గంటల పనికి ఏసీజీఐహెచ్ (అమెరికాలోని వృత్తి ఆరోగ్య నిపుణుల సంస్థ) సూచించే హద్దు 25. సెల్‌ను ఫ్యూమ్ హుడ్‌లో పెట్టండి, గ్యాస్ క్రోమటోగ్రాఫ్ (వాయువులను విడదీసి కొలిచే పరికరం) వెనక వెంట్‌ను కూడా అందులోకే లాగండి. అలారం ఉన్న డిటెక్టరును సెల్ దగ్గరే కాకుండా మనుషులు కూర్చునే బల్ల దగ్గరా బిగించండి. ఆ డిటెక్టరు సరిగ్గా చూపుతోందో లేదో తెలిసిన సాంద్రత ఉన్న వాయువుతో తనిఖీ చేసిన తర్వాతే సెల్‌కి కరెంటు ఇవ్వండి.